తుప్పుకు స్కేలు తెలియదు

విశాఖలో రైలెక్కి ఉత్తరానికి వెళ్తే శ్రీకాకుళం జిల్లాలో నౌపడ జంక్షను వస్తుంది. పర్లాకిమిడి రాజావారు తమ ఊరిని పెద్ద లైనుకు కలపడానికి వేయించిన చిన్న రైలు అక్కడి నుంచే బయల్దేరేది. 1900లో మొదలైన ఆ లైను తర్వాత గుణుపూర్ దాకా సాగింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. దశాబ్దాల పాటు దాని మీద బుల్లి బొగ్గింజన్లు బియ్యాన్నీ మనుషుల్నీ మోశాయి. 2004లో చిన్న లైను ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు.

ఆ ఇంజన్ని ఇంకా కుదిద్దాం. ఆవిరితో నడిచే మోడల్ ఇంజన్లను తోటల్లో, పెరళ్లలో నడిపేవాళ్లు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే గేజిల్లో ఒకటి 45 మిల్లీమీటర్లది. 762ను 45తో భాగిస్తే దాదాపు 17 వస్తుంది. పర్లాకిమిడి ఇంజన్ని పదిహేడో వంతుకు తగ్గిస్తే ఆ పట్టాల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఇది బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు. రాగి బాయిలరులో నీళ్లు నిజంగా మరుగుతాయి, ఆవిరి నిజంగా పిస్టన్‌ని తోస్తుంది, వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి చప్పుడు చేస్తూ పోతుంది.

అయితే ఇంజన్ని కుదించినప్పుడు తగ్గేది పొడవు, వెడల్పు, ఎత్తు. నీళ్లు మరిగే వేడి తగ్గదు. నూనె జిగట తగ్గదు. సముద్రపు గాలి ఇనుమును తినే వేగం తగ్గదు. చిన్న ఇంజన్లో వచ్చే దాదాపు ప్రతి ఇబ్బందికీ మూలం ఇక్కడే ఉంది. ఏది తగ్గింది, ఏది తగ్గలేదు అని తెలుసుకోవడమే దాని మరమ్మతుకు మొదటి పాఠం. ఆ పాఠం నేర్చుకోవడానికి విశాఖ దగ్గరి యారాడ కన్నా కఠినమైన బడి దొరకదు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. పక్కన గంగవరం రేవు. ఏడాది పొడుగునా ఉప్పుతేమ నిండిన గాలి.

పదిహేడో వంతు లెక్క

పొడవు 17 రెట్లు తగ్గితే ఉపరితలం 289 రెట్లు, ఘనపరిమాణం 4,913 రెట్లు తగ్గుతాయి. అంటే లోపలున్న ప్రతి చుక్క నీటికీ బయటి గాలికి వేడిని వదిలే ఉపరితలం 17 రెట్లు ఎక్కువ. అండాలో అన్నం గంటల తరబడి వేడిగా ఉన్నా, అందులోంచి తీసిన ముద్ద చిటికెలో చల్లారేది ఈ కారణంతోనే.

ఈ నష్టం అన్నిటికన్నా ఎక్కువగా సిలిండర్లో కనిపిస్తుంది. చిన్న సిలిండరు గోడలు లోపలికొచ్చిన ఆవిరిని వెంటనే చల్లార్చి నీళ్లు చేసేస్తాయి. అందుకే ఏ చిన్న ఇంజనైనా బయల్దేరేటప్పుడు పొగగొట్టంలోంచి మొదట నీళ్లు చిమ్ముతుంది. నీళ్లు నలగవు. పిస్టన్‌కీ సిలిండరు మూతకీ మధ్య నీళ్లు ఇరుక్కుంటే కనెక్టింగ్ రాడ్డు వంగాల్సిందే. జారుడు వాల్వు ఉన్న ఇంజన్లో ఆ ఒత్తిడికి వాల్వు కాస్త పైకి లేచి నీళ్లను వదిలేస్తుంది. పిస్టన్ వాల్వు అలా లేవలేదు. కాబట్టి అలాంటి ఇంజన్ని చేత్తో మెల్లగా ముందుకీ వెనక్కీ నడిపి, నీళ్లన్నీ పోయాకే ఆవిరిని వదిలే రెగ్యులేటరు పూర్తిగా తెరవాలి.

బాయిలరు చుట్టూ చెక్క పట్టీలూ ఫెల్టూ చుట్టేది అందం కోసం కాదు, ఈ వేడిని ఆపడానికే. ఆ ఫెల్టు నూనెతో, నీళ్లతో తడిసిపోతే వేడిని ఆపే గుణం పోతుంది. ఇంజను మునుపటిలా లాగడం లేదని వాల్వులు విప్పే ముందు ఈ చుట్టు ఒకసారి చూడాలి.

గొట్టాలదీ ఇదే కథ. పెద్ద బాయిలరులో మంట వేడి పోయే గొట్టం 50 మిల్లీమీటర్లు ఉంటే పదిహేడో వంతులో అది 3 మిల్లీమీటర్లు అవుతుంది. అంత సన్నని గొట్టంలోంచి వేడి వాయువులు సరిగా పోవు, కాస్త మసి పడితే మూసుకుపోతుంది. 1920ల్లో ఇంగ్లండ్‌లో దీని మీద పెద్ద వాదమే నడిచింది. చిన్న ఇంజన్‌కు స్పిరిట్ దీపమే గతి అని ఒక పక్షం అంటే, 'ఎల్‌బీఎస్‌సీ' అనే కలంపేరుతో 'మోడల్ ఇంజనీర్' పత్రికలో రాసిన రచయిత బొగ్గు మంటతోనే పని జరుగుతుందని వాదించాడు. ‘అయేషా’ అనే తన చిన్న ఇంజనుతో మనుషుల్ని లాగించి మరీ చూపించాడు. గొట్టాల సంఖ్యను తగ్గించి, లావును పెంచడం అందులోని కిటుకు. నకలు తీస్తే నడవనిది, ఆలోచించి మారిస్తే నడిచింది.

రాగి, వెండి టంకం, చన్నీళ్ల పరీక్ష

బాయిలరు బలం విషయంలో మాత్రం లెక్క మన వైపే ఉంది. గుండ్రటి బాయిలరు గోడ మీద పడే తన్యత ఎంతో తెలియాలంటే పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి గోడ మందంతో భాగించాలి. వ్యాసార్ధమూ మందమూ ఒకే వంతున తగ్గితే ఫలితం మారదు. 60 మిల్లీమీటర్ల వ్యాసం, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి గొట్టంలో 2.8 బార్ల పీడనం ఉంటే గోడ మీద పడేది సుమారు 5 మెగాపాస్కల్. కాల్చి మెత్తబడిన రాగి కూడా 200 మెగాపాస్కల్ దాకా తెగదు. బలహీనత ఉండేది గుండ్రటి గోడలో కాదు, రెండు చివర్ల బల్లపరుపు పలకల్లో, అతుకుల్లో. అందుకే ఆ పలకల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి స్టే కడ్డీలు వేస్తారు.

అతుకు వెండి టంకంతోనే ఉండాలి. రేడియో మరమ్మతులో వాడే తగరం–సీసం టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. 2.8 బార్ల దగ్గర ఆవిరి వేడి సుమారు 142 డిగ్రీలు. తేడా 40 డిగ్రీలే. నీళ్లు అయిపోయి మంట మండుతూ ఉంటే అది నిమిషాల్లో కరిగిపోతుంది. వెండి టంకం కరిగేది 600 నుంచి 700 డిగ్రీల మధ్య. ఈ విద్య మన కంసాలులకు తరతరాలుగా తెలిసిందే, అయితే ఒక్క తేడా ఉంది. వాళ్లు వాడే వెలిగారం 740 డిగ్రీల దగ్గర గాని కరగదు. తక్కువ వేడికి కరిగే టంకానికి అంతకన్నా ముందే కరిగే వేరే ఫ్లక్సు కావాలి. పాత రకం వెండి టంకాల్లో కాడ్మియం ఉండేది. దాని పొగ ఊపిరితిత్తులకు విషం. కాడ్మియం లేనిదే అడిగి కొనాలి.

మరమ్మతు చేసిన బాయిలరును చన్నీళ్లతో పరీక్షించాలి. గాలితో ఎప్పుడూ చేయకూడదు. చిన్న బాయిలరులో 142 డిగ్రీల దగ్గర 300 మిల్లీలీటర్ల నీళ్లున్నాయనుకుందాం. బాయిలరు పగిలి పీడనం ఒక్కసారిగా పోతే అందులో నూటికి 8 వంతుల నీరు క్షణంలో ఆవిరైపోతుంది. అది 40 లీటర్ల ఆవిరి. ఎదురుగా ఉన్న మొహాన్ని కాల్చడానికి అది చాలు. నొక్కిపెట్టిన గాలీ అలాగే వ్యాకోచిస్తుంది, చన్నీళ్లు వ్యాకోచించవు. బాయిలరును గాలి బుడగ లేకుండా నీళ్లతో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచితే, అతుకు ఓడినా ఒక చుక్క కారి పీడనం పడిపోతుంది, అంతే. కొత్త బాయిలరును పని పీడనానికి రెండింతల దగ్గర, వాడుకలో ఉన్నదాన్ని ఒకటిన్నర రెట్ల దగ్గర పరీక్షించడం బ్రిటన్ మోడల్ క్లబ్బుల్లో ఆనవాయితీ.

మన దేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం 25 లీటర్ల లోపు పాత్రల్ని బాయిలరు నిర్వచనంలోకి తీసుకోవు. అంటే ఇన్‌స్పెక్టరు రాడు. ఇన్‌స్పెక్టరు బాధ్యత కూడా ఇంజను యజమానిదే. ఆవిరి లేవగానే సేఫ్టీ వాల్వు తనంతట తాను తెరుచుకుంటుందా అని ప్రతిసారీ చూడాలి. తెరుచుకోకపోతే మంట ఆర్పేయాలి. బుల్లి ప్రెషర్ గేజిని ఏడాదికోసారి పెద్ద గేజితో సరిచూడాలి.

ఏ నీళ్లు పోయాలి?

తీరప్రాంతపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు ఉంటాయి. నీళ్లు ఆవిరైపోతాయి, అవి మిగిలిపోతాయి. రాగి మీద తెల్లటి గార కడుతుంది. రాగితో పోలిస్తే ఈ గార వేడిని వందల రెట్లు తక్కువగా పోనిస్తుంది. చిన్న బాయిలరులో గార రెండు పనులు చేస్తుంది. ఆవిరి లేవడానికి పట్టే సమయం పెంచుతుంది, సేఫ్టీ వాల్వు గుండు కింద చేరి దాన్ని అతికిస్తుంది. మొదటిది విసుగు, రెండోది ప్రమాదం.

డిస్టిల్డ్ వాటర్ పోయడం మేలు. ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే నీళ్లు చాలు, కానీ సీసా మీద నీళ్లని రాసి ఉందో యాసిడ్ అని రాసి ఉందో చదివి కొనాలి. శుభ్రమైన డాబా మీద పట్టి వడకట్టిన వాననీళ్లూ పనికొస్తాయి, అయితే సముద్రపు తుంపర పడే డాబా మీద పట్టినవి పనికిరావు. ఇప్పటికే గార కట్టి ఉంటే పల్చటి సిట్రిక్ ఆమ్లం (మార్కెట్లో నిమ్మఉప్పు) పోసి, నురగ ఆగేదాకా ఉంచి, మంచినీళ్లతో చాలాసార్లు కడగాలి.

బాయిలరుకు బిగించే బుష్‌లు ఇత్తడివి కాకూడదు. ఇత్తడి అంటే రాగి, జింకు. వేడినీటిలో, అందులోనూ క్లోరైడు ఉంటే, జింకు మెల్లగా కరిగిపోయి రాగి స్పాంజిలా మిగులుతుంది. పైకి ఆకారం అలాగే ఉంటుంది, మర తిప్పితే పొడిపొడిగా రాలుతుంది. రాగి, తగరం కలిసిన కంచు ఇలా పాడవదు. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరి పనివాళ్లు ఇత్తడికీ కంచుకీ తేడా చప్పుడు విని చెప్పేస్తారు. బాయిలరు పని చేసేవాళ్లకూ ఆ తేడా తెలియాలి.

ఎండ కాస్తే మంట పెరుగుతుంది

చాలా చిన్న ఇంజన్లు బ్యూటేన్ గ్యాసుతో నడుస్తాయి. ట్యాంకులో ద్రవ బ్యూటేన్ మీద ఉండే పీడనం పూర్తిగా ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర అది బయటి గాలి కన్నా సుమారు 1.1 బార్లు ఎక్కువ, 40 డిగ్రీల దగ్గర సుమారు 2.8 బార్లు ఎక్కువ. ఐరోపాలో చలికాలంలో ట్యాంకు చల్లబడి మంట తగ్గిపోతే దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచుతారు. మే నెలలో విశాఖలో ఆ పీడనం రెండింతలు దాటుతుంది. గ్యాసు వాల్వును సగం కన్నా తక్కువ తెరవాలి. లేకపోతే మంట గొట్టంలో నిలవక ఊళ పెడుతుంది, పొగపెట్టెలోకి పోయి రంగు కాల్చేస్తుంది.

వంటగ్యాసును ఈ ట్యాంకులో ఎప్పుడూ నింపకూడదు. అందులో బ్యూటేన్‌తో పాటు ప్రొపేన్ కూడా ఉంటుంది. దాని పీడనం ఎన్నో రెట్లు ఎక్కువ, మోడల్ ట్యాంకు అందుకు తయారైంది కాదు.

మంట బలహీనపడితే ముందు అనుమానించాల్సింది గ్యాసు జెట్టును. దాని రంధ్రం సుమారు 0.2 మిల్లీమీటర్లు. కంటికి కనీకనిపించని ధూళి రేణువు చాలు దాన్ని మూయడానికి. రేవుల్లో బొగ్గూ ఇనుప ఖనిజమూ ఎక్కీ దిగే ఈ ప్రాంతంలో ధూళికి కొదవ లేదు. సూది పెట్టి పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే మంట పాడవుతుంది. జెట్టు విప్పి, థిన్నర్‌లో నానబెట్టి, గ్యాసు పోయే దిశకు ఎదురు దిశలో గాలి ఊదాలి.

తడిలో నిలిచే నూనె

సిలిండర్లోకి నూనె పంపడానికి చిన్న ఇంజన్లలో పంపు అక్కర్లేదు. ఆవిరి గొట్టం పక్కన నూనె నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. మధ్యలో సన్నని రంధ్రం. ఆవిరి కొంచెం లోపలికొచ్చి చల్లారి నీళ్లవుతుంది. నూనె కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. ఎంత నీరు దిగిందో అంత నూనె పైకి లేచి ఆవిరితో కలిసి సిలిండరుకు చేరుతుంది. నడక అయిపోయాక డబ్బీలో నీళ్లే ఉంటాయి. వాటిని సిరంజితో తీసి మళ్లీ నూనె నింపాలి. డబ్బీలో నూనె అస్సలు తగ్గలేదంటే పని బాగుందని కాదు, రంధ్రం మూసుకుందని అర్థం.

అందులో పోయాల్సింది మోటారు సైకిలు నూనె కాదు. తడి లోహం మీద మామూలు ఇంజన్ ఆయిల్ నిలవదు, వేడి నీళ్లు దాన్ని కడిగేస్తాయి. ఆవిరి సిలిండరు నూనె చాలా చిక్కగా ఉంటుంది, అందులో కాస్త జంతుకొవ్వు కలుపుతారు. ఆ కొవ్వు నీటితో కలిసి మలాములా లోహానికి పట్టుకుంటుంది. ఇరుసులకూ రాడ్లకూ మాత్రం పల్చటి నూనె చుక్క చాలు. ఎక్కువ పోస్తే ధూళిని పట్టి ఆకురాయిలా అరగదీస్తుంది.

చెవితో వినే మరమ్మతు

వాల్వు నడక పెద్ద ఇంజన్లో 150 మిల్లీమీటర్ల దాకా ఉంటే చిన్నదాంట్లో 5 మిల్లీమీటర్లే. వాల్వుకీ ఇరుసుకీ మధ్య ఐదు పిన్నుల కీళ్లున్నాయనుకోండి. ఒక్కోదాంట్లో 0.1 మిల్లీమీటరు ఆట వస్తే మొత్తం అర మిల్లీమీటరు. పెద్దదానికి ఆ తేడా లెక్కలోకే రాదు. చిన్నదానికి వాల్వు నడకలో పదో వంతు పోయినట్టే.

ఈ తేడా ముందు చెవికి తెలుస్తుంది. రెండు సిలిండర్ల క్రాంకులు ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉంటాయి కాబట్టి చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ఛుక్‌లు సమానంగా వినబడాలి. రెండు గట్టిగా, రెండు మెత్తగా వినిపిస్తే ఒక వైపు వాల్వు సరిగా కూర్చోలేదు. ఛుక్‌ల మధ్య ఎడమే సమానంగా లేకపోతే చక్రం ఇరుసు మీద జారి ఉంటుంది. నాలుగింటి మధ్య నిరంతరం బుస్సుమని వినిపిస్తే పిస్టన్ దగ్గరో వాల్వు దగ్గరో ఆవిరి జారుతోంది. పిస్టన్ రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా ఆపే గ్లాండు నట్టు వదులైతే అక్కడ ఆవిరి కనబడుతుంది. ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపును తాడులా పేని గ్లాండులో చుట్టొచ్చు. నట్టును వేళ్లతో బిగించి, పానాతో ఒక్క చిటికెడే తిప్పాలి. అతిగా బిగిస్తే రాడ్డు బిగుసుకుని ఇంజను నడవదు. ఓ-రింగులు మార్చేటప్పుడు మామూలు రబ్బరువి కాకుండా 200 డిగ్రీల దాకా ఓర్చే వైటాన్‌వి వేయాలి.

ఉప్పుగాలితో పోరు

యారాడలో ఇంజన్ని పాడుచేసేది నడక కన్నా నిలవే. కెరటాలు విరిగిన చోట పైకి లేచిన తుంపర గాలిలో ఎండి సూక్ష్మమైన ఉప్పు కణాలవుతుంది. అది లోహం మీద వాలుతుంది. గాలిలో తేమ నూటికి 75 దాటితే మామూలు ఉప్పు తేమను పీల్చి ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు నూటికి 33 చాలు. అంటే మనకు పొడిగా కనిపించే మధ్యాహ్నం కూడా ఆ లోహం మీద పల్చటి ఉప్పునీటి పొర ఉంటుంది. అందులో కరెంటు పారుతుంది, ఇనుము కరుగుతుంది.

ఏడాదికి ఒక్కో వైపు మిల్లీమీటరులో పదో వంతు తినే చోట లెక్క వేద్దాం. పెద్ద ఇంజన్లో 20 మిల్లీమీటర్ల ఉక్కు చట్రం రెండు వైపులా కలిపి నూటికి ఒక వంతు పోగొట్టుకుంటుంది. అదే చట్రం పదిహేడో వంతులో 1.2 మిల్లీమీటర్లు. అది పోగొట్టుకునేది ఆరో వంతు. తుప్పు వేగం రెండింటికీ ఒకటే. అది స్కేలు చూసి తగ్గదు.

రెండు లోహాలు తాకిన చోట ఇంకో ఇబ్బంది. రాగి, ఇత్తడి పెద్ద భాగాల మధ్య బిగించిన చిన్న ఉక్కు మర ఆ ఉప్పునీటి పొరలో బ్యాటరీ పాత్ర పోషిస్తుంది. నష్టమంతా మరదే. అది తుప్పు పట్టి బిగుసుకుని, విప్పబోతే తల తెగిపోతుంది. స్టెయిన్‌లెస్ మరలు వేసి, మర దారాలకు కాస్త గ్రీసు పూస్తే ఈ బాధ తప్పుతుంది. ఇత్తడి మీద పట్టే పచ్చటి చిలుము కూడా ఈ క్లోరైడు పనే.

ఉప్పు మీద నూనె పూస్తే ఉప్పును లోపల దాచినట్టే. అందుకే వరుస ముఖ్యం. ముందు మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ఉప్పును తుడవాలి, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాతే నూనె. ఇంజను ఇంకా వేడిగా ఉన్నప్పుడు పీడనం పూర్తిగా పోయాక బాయిలరు నీళ్లు వంచేస్తే, మిగిలిన వేడికి లోపల ఆరిపోతుంది. సిలిండర్లలో ఒక చుక్క ఆవిరి నూనె వేసి చక్రాలు చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి. రంగు మారినప్పుడల్లా గింజల్ని వేయించి మళ్లీ వాడుకోవచ్చు.

చిన్నది నేర్పే పెద్ద చదువు

భారత రైల్వేల బ్రాడ్‌గేజి మీద చివరి రోజువారీ ఆవిరి రైలు 1995 డిసెంబరులో ఆగిపోయింది. ఆవిరి మాత్రం ఆగలేదు. యారాడ కొండ దాటి సింధియా వైపు వెళ్తే కనిపించే నౌకా నిర్మాణ కేంద్రంలో 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' ఆవిరి ఓడే. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఎర్రటి కోకును చల్లార్చేటప్పుడు వచ్చే వేడితో ఈ నాటికీ ఆవిరి తయారవుతోంది. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్కేంద్రంలో 2,000 మెగావాట్ల కరెంటు పుట్టేది ఆవిరి టర్బైన్ల నుంచే. గార, పీడనం, సేఫ్టీ వాల్వు, లోహపు అలసట అనే మాటలు ఈ ప్రాంతంలో వేలమంది రోజూ వాడే మాటలు.

అందుకే ఈ ఊళ్లలోని ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఒక చిన్న ఆవిరి ఇంజను ఉండాలని నా గట్టి కోరిక. గాజు అలమారాలో కాదు, పిల్లల చేతుల్లో. దాన్ని విప్పి బిగించే విద్యార్థి ప్రతి భాగం దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవడం నేర్చుకుంటాడు: ఇది కొలత తగ్గితే తగ్గేదా, తగ్గనిదా? ప్రయోగశాలలో పనిచేసిన చిన్న రియాక్టరు ఫ్యాక్టరీలో ఎందుకు మొరాయిస్తుందో, నమూనా వంతెన నిలిచినా అసలు వంతెనకు కొత్త లెక్కలు ఎందుకు కావాలో చెప్పేదీ అదే ప్రశ్న. చిన్న బాయిలరు దగ్గర ఆ ప్రశ్న అలవాటైన ఫిట్టరు చేతిలో పెద్ద బాయిలరు భద్రంగా ఉంటుంది, దాని పక్కన పనిచేసే మనుషులూ భద్రంగా ఉంటారు.